పట్టపగలు కాసిన వెన్నెల

తెలుగువాళ్ళందరికీ తెలిసిన వెన్నెల రాత్రి ఒకటుంది. ‘మాయాబజార్’ (1957) సినిమాలోది: ఏరు, ఏటి మీద పడవ, పడవలో సావిత్రీ నాగేశ్వరరావూ. నర్సాపురం రేవులో పంటు కదిలినా, రాజమండ్రిలో లాంచీ ఎక్కినా ఎవరో ఒకరు ‘లాహిరి లాహిరి’ అందుకుంటారు. గోదారి జిల్లాల వాళ్ళం దాన్ని మా ఏటి పాటగానే లెక్కేసుకుంటాం. తీరా చూస్తే ఆ ఏరు మద్రాసు పక్కనున్న ఎన్నూరు ఉప్పుటేరు. ఆ రాత్రి కూడా రాత్రి కాదు, ఎండ కాస్తుండగా తీసింది.

ఈ సంగతి సినిమా కబుర్లలో ఎన్నోసార్లు చెప్పుకున్నదే. చెప్పి, ‘కెమెరామన్ ఎంత మాయ చేశాడో’ అనేసి ఊరుకుంటాం. ఆ మాయ ఎందుకు పారింది, ఎక్కడ నిలబడింది అన్నది మాత్రం ఎవరూ విప్పి చూడరు. పున్నమి నాడు గోదారి ఒడ్డున కెమెరా పట్టుకుని నిలబడ్డవాళ్ళకు ఆ మాయ విలువ బాగా తెలుస్తుంది. చందమామను ఫోటో తీయడం ఒక పని, వెన్నెలను ఫోటో తీయడం ఇంకో పని. రెండూ ఒకే చట్రంలో ఇమడవు. ఆ పాటకు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ రెండో పని చేశాడు. మనలో చాలామందిమి మొదటిదానితో కుస్తీ పడుతుంటాం.

బార్ట్‌లీ ఆంగ్లో ఇండియన్. 1917లో పుట్టి 1993లో పోయాడు. బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ (1945) నాటికే తెలుగు తెరకు కెమెరా పట్టాడు. నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ పెట్టాక వాళ్ళ చిత్రాలకు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. మలయాళంలో రామూ కరియాట్ ‘చెమ్మీన్’కు కెమెరా పట్టిందీ ఆయనే. తమిళంలో ‘శాంతినిలయం’కి జాతీయ బహుమతి అందుకున్నాడు. విజయా వారి సినిమాల్లో వెన్నెల పాట లేకుండా కథ నడిచేది కాదు. ‘మిస్సమ్మ’లో చందమామను పిలిచే పాట, ‘గుండమ్మ కథ’లో రేయి హాయిని చెప్పుకునే పాట, అన్నిటిలోనూ వెన్నెల వండింది ఈయనే. ఆ నిర్మాతలిద్దరూ 1947లో పిల్లల కోసం పెట్టిన పత్రిక పేరు కూడా ‘చందమామ’ కావడం యాదృచ్ఛికమే అనుకున్నా, ‘విజయావారి వెన్నెల’ అన్న మాట జనంలో ఊరికే పుట్టలేదు.

ఇంతకీ రాత్రి పాటను రాత్రే తీయొచ్చుగా? తీయలేరు. లెక్క ఇలా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల, నడినెత్తిన ఎండ కంటే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. ఎండలో నేల మీద పడే వెలుగు లక్ష లక్సులుంటే, వెన్నెల ఒక లక్సులో నాలుగో వంతు ఉంటే గొప్ప. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది కాబట్టి ఒక్కో బొమ్మకు దక్కే సమయం సెకనులో 50వ వంతు. 100 స్పీడు ఫిల్ము వేసి, ఎఫ్ 2 దాకా లెన్సు బార్లా తెరిచినా, ఆ కాస్త సమయంలో వెన్నెల ఇచ్చే వెలుగు కావలసినదానికి 3 వేల రెట్లు తక్కువ పడుతుంది. ఫిల్ము నల్లగా ఉండిపోతుంది. చంద్రుడొక్కడు తెల్లటి చుక్కగా పడతాడు.

కాబట్టి 1957లో ముందున్న దారులు రెండే. స్టూడియో ఫ్లోరు మీద దీపాలతో వెన్నెల కట్టడం ఒకటి, పగటినే రాత్రిగా మార్చడం ఇంకొకటి. స్టూడియోలో తోటలు కట్టొచ్చు, పందిళ్ళు వేయొచ్చు, ‘మిస్సమ్మ’లో అలాగే సరిపోయింది. పడవ సాగడానికి ఏరు కావాలంటే మాత్రం ఫ్లోరు చాలదు. అంత నీటి మీద పరచడానికి దీపాలూ చాలవు.

ఇక్కడే ప్రకృతి ఒక వరమిచ్చింది. దాన్ని కనిపెట్టి వాడుకోవడంలోనే కెమెరామన్ తెలివి ఉంది. సూర్యుడూ చంద్రుడూ మన కంటికి ఒకే సైజులో ఉంటారు, ఇద్దరూ దాదాపు అర డిగ్రీ. నీడ అంచు పదునుగా ఉంటుందా, మసకగా జారుతుందా అన్నది దీపం ఎంత వెడల్పుగా కనపడుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. అంటే ఎండలో కొబ్బరాకు నీడ అంచు ఎలా ఉంటుందో, వెన్నెల్లోనూ అచ్చంగా అలాగే ఉంటుంది. స్టూడియో దీపం ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయలేదు. దగ్గరగా ఉంటుంది గనక ముందున్నవాడి మీద ఎక్కువ, వెనకున్నవాడి మీద తక్కువ పడుతుంది. రెండు దీపాలు పెడితే రెండు నీడలు పడి గుట్టు రట్టవుతుంది. ఏటి ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ ఒకే తీరు వెలుగు, ఒకే దిక్కు నీడ ఇచ్చే దీపాలు లోకంలో రెండే ఉన్నాయి. రాత్రి దీపం బలం చాలనప్పుడు పగటి దీపాన్ని అరువు తెచ్చుకోవాలి. చంద్రుడు చేసేదీ అదే కదా, సూర్యుడి వెలుగునే తిప్పి మన మీదకు పంపుతున్నాడు.

దీనికి రుజువు ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. పున్నమి అర్ధరాత్రి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 800, ఎఫ్ 2.8, పదిహేను సెకన్లు తెరిచి ఉంచండి. వచ్చే ఫోటో పగటి ఫోటోలా ఉంటుంది. ఆకాశం నీలంగా, చెట్లు పచ్చగా, నీడలు నల్లగా. నక్షత్రాలు కనపడకపోతే రాత్రి అని ఒప్పుకోరు. కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్ళు దీన్ని చూసి మురిసిపోతారు. నాకైతే అది ఓటమి. రాత్రంతా మేలుకుని పగలును తెచ్చుకున్నట్టు. బార్ట్‌లీ సరిగ్గా దీన్ని తిరగేశాడు.

ఎలా తిరగేయాలో అన్ని సినిమా పరిశ్రమల వాళ్ళూ ఎరుగుదురు. అమెరికా వాళ్ళు కౌబాయ్ సినిమాల్లో పగటి రాత్రులు తెగ తీశారు. చాలావాటిలో ఎండ తెలిసిపోతూనే ఉంటుంది. పద్ధతి చెప్పడానికి తేలిక: లెన్సు రెండు స్టాపులు మూసి, బొమ్మను కావాలని చీకటి చేయాలి. నలుపు తెలుపు ఫిల్ము అయితే ఎర్ర ఫిల్టరు తగిలిస్తే నీలాకాశం నల్లబడుతుంది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోకుండా, నటులకు వెనకవైపు ఉండేలా చూసుకోవాలి. ఆకాశాన్ని వీలైనంత చట్రంలోకి రానివ్వకూడదు, మబ్బు తెల్లగా పడితే పగలు బయటపడుతుంది. ఎర్ర ఫిల్టరు పెడితే పెదవుల ఎరుపు కూడా పాలిపోతుంది కాబట్టి మేకప్ మనిషి ముందే సర్దుకోవాలి. ఈ నాలుగు సూత్రాలూ ఎవరైనా అప్పజెప్పగలరు. ‘లాహిరి’ మిగతావాటికంటే మెరుగ్గా నిలబడడానికి కారణం, నా లెక్కలో, నీళ్ళు.

మళ్ళీ ఒకసారి ఆ పాట పెట్టుకుని మనుషుల్ని కాక నీటిని చూడండి. వెన్నెల అని మన కళ్ళు నమ్మేది ఆ తళుకుల దగ్గరే. అలలున్న నీటి మీద దీపం ప్రతిబింబం ఒక్క చుక్కగా ఉండదు. ప్రతి అలా తనకు అనువైన వాలులో ఉన్నప్పుడు ఒక మెరుపు విసురుతుంది. వేల మెరుపులు కలిసి మన నుంచి దీపం దాకా ఒక బాటగా పరుచుకుంటాయి. ఏటి మీద సూర్యుడి బాటకూ చంద్రుడి బాటకూ ఆకారంలో తేడా లేదు. అయితే ఎండలో ఆ తళుకు పక్కనే ఒడ్డు, చెట్టు, ఆకాశం అన్నీ వెలిగిపోతుంటాయి గనక మనం దాన్ని పట్టించుకోం. లెన్సు మూసేసరికి ఒడ్డు చీకట్లోకి పోతుంది, ఆకాశం పోతుంది. తళుకులు మాత్రం పోవు, అవి సూర్యుడి ముక్కలే కాబట్టి ఎంత మూసినా తెల్లగానే ఉంటాయి. చీకటి ఏటి మీద తెల్లటి తళుకులు! చిన్నప్పటి నుంచి మన ఊళ్ళో చూసిన రాత్రి అదే. చందమామను ప్రత్యేకంగా చూపించనక్కర లేకుండానే మన బుర్ర దాన్ని ఆకాశంలో పెట్టేసుకుంటుంది. మంచి కెమెరామన్ అనేవాడు మనతో సగం పని చేయించుకుంటాడు.

వెనక వెలుగు వల్ల ఇంకో మేలు జరిగింది. జుట్టుకూ నగలకూ పడవ అంచుకూ సన్నటి తెల్లటి గీత తగిలింది. పౌరాణికంలో కిరీటాలకూ భుజకీర్తులకూ కొదవా? శశిరేఖా అభిమన్యుల తర్వాత రుక్మిణీ కృష్ణులు, ఆ తర్వాత రేవతీ బలరాములు అదే ఏటి మీదికి వస్తారు. మూడు జంటలు, మూడు వయసులు, వెన్నెల మాత్రం ఒక్కటే. ఎక్కడా దాని దిక్కు చెదిరినట్టు అనిపించదు. షూటింగు సమయంలో సూర్యుడు ఊరుకోడు కదా, గంటకు పదిహేను డిగ్రీలు జరిగిపోతాడు. ఆ జరుగుబాటును ప్రేక్షకుడికి తెలియనీయకుండా షాటు షాటుకూ పడవను, కెమెరాను సర్దుకోవడం అనేది పేరు లేని పని. అదే సినిమా ‘వివాహ భోజనంబు’ పాటలో లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లోకి పోతుంటే అందరూ చప్పట్లు కొడతారు. ఈ పనికి ఎవరూ కొట్టరు, కొట్టకూడదు కూడా. తెలిస్తే చెడిపోయేది అది.

ఒకచోట బార్ట్‌లీ నిజాన్ని తప్పాడు, తెలిసే తప్పాడు. వెనక నుంచి వెన్నెల పడేటప్పుడు మన వైపున్న ముఖం చీకట్లో ఉండాలి. ఆ పాటలో ముఖాలు తేటగా కనపడతాయి. సావిత్రి కళ్ళు కనపడకపోతే నాగిరెడ్డి చక్రపాణులే కాదు, నేల టికెట్టువాడు కూడా ఊరుకోడు. అయితే ఆ ముఖాల మీది వెలుగును ఆయన మెత్తగా, తళుకుల కంటే ఒక మెట్టు తగ్గించి ఉంచాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగబుద్ధి కాదు. తెల్లటి ఇసుక మీద కూర్చున్నవాళ్ళ ముఖాలకు కింద నుంచి అలాంటి వెలుగే ఎగబాకుతుంది.

రంగు సంగతి చెప్పాలి. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. శ్రద్ధగా చేసిన పనే, కాదనను. వంటశాల సన్నివేశాలకు రంగు పండగ తెచ్చింది. ఈ పాటకు మాత్రం నలుపు తెలుపే సరి అని నా పట్టుదల. కారణం అభిమానం కాదు, కన్ను. మన రెటీనాలో రంగు చూసే కణాలు వేరు, మసక చీకట్లో పనిచేసేవి వేరు. వెన్నెల వెలుగుకు రంగు కణాలు దాదాపు నిద్రలోకి జారుకుంటాయి. వెన్నెల్లో ఎర్ర చీర నల్లగా కనపడడం ఎవరైనా గమనించవచ్చు. అంటే నలుపు తెలుపు సినిమా వెన్నెల్లో మన కన్ను చూసేదానికి దగ్గర. నిజానికి వెన్నెల నీలం కూడా కాదు, ఎండ కంటే ఒక పిసరు ఎరుపు వైపే మొగ్గి ఉంటుంది. తెల్లగా, చల్లగా, నీలంగా అనిపించడం ఆ మసక చూపు చేసే చిత్రం. రంగుల సినిమాలు వచ్చాక కెమెరామన్లు ఆ చిత్రాన్నే పట్టుకుని రాత్రి అంటే నీలం ఫిల్టరు అనేశారు. ఇప్పటికీ టీవీ సీరియళ్ళలో దొంగలు పడేది ఆ నీలంలోనే.

అసలు గోదారి తెరకెక్కింది ఎక్కువగా పగటి పూటే. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964) ఈ ఏటి మీదే తీశాడు, పి.ఎల్. రాయ్ కెమెరా. నాగేశ్వరరావు మళ్ళీ పడవలోనే, ఈసారి పడవవాడుగా. అందులోని గోదారి ఎండ గోదారి, దాచుకోని ఎండ. వంశీ ‘సితార’ (1984) పాటలో గోదారి అందానికి వెన్నెల తోడయింది, ఆ పాటకు ఎస్. జానకికి జాతీయ బహుమతీ వచ్చింది. అది చెవికి కాసిన వెన్నెల.

ఇక చందమామనే పట్టుకోవాలనుకునేవాళ్ళ దగ్గరికొద్దాం. వాళ్ళకు వచ్చే చిక్కు బార్ట్‌లీ చిక్కుకు సరిగ్గా ఎదురుది. ఆయనకు వెలుగు తక్కువ. వీళ్ళకు ఎక్కువ. చంద్రుడి నేల నలుపు, పడ్డ వెలుగులో ఎనిమిదో వంతు కూడా తిప్పి పంపదు, పాత తారు రోడ్డు లాంటిది. అయినా దాని మీద కాసేది ఎండ. నిండు చంద్రుడి మీద ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. కాబట్టి దానికి ఇవ్వాల్సిందీ పగటి ఎక్స్‌పోజరే. పాతకాలం ఫోటోగ్రాఫర్లు నోటికి పట్టిన లెక్క ఒకటుంది: ఎఫ్ 11 పెట్టు, ఫిల్ము స్పీడు ఎంతో షట్టరు అంతలో వంతు. ఐఎస్ఓ 100 అయితే సెకనులో 100వ వంతు. కెమెరాను ఆటోలో వదిలేస్తే అది చుట్టూ ఉన్న చీకటిని చూసి కంగారుపడి షట్టరు బార్లా తెరుస్తుంది, చంద్రుడు బర్న్ అయిపోయి తెల్ల బిళ్ళ మిగులుతుంది. పోనీ బిళ్ళలో కుందేలు కనపడేలా తగ్గిస్తే గోదారి, వంతెన, ఘాట్లు అన్నీ తారులో మునుగుతాయి.

ఆ పైన సైజు ఒక నిరాశ. వంతెన మీదుగా లేచే చంద్రుడు కంటికి పెద్దగా కనపడతాడు. అది బుర్ర చేసే గారడీ. నడినెత్తి చంద్రుడి కంటే దిగంతం మీది చంద్రుడు నిజానికి కాస్త చిన్న, మన భూమి వ్యాసార్ధమంత, అంటే 6,400 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు కాబట్టి. 50 మిల్లీమీటర్ల లెన్సులో అతని బొమ్మ అర మిల్లీమీటరు కూడా రాదు. 400 లెన్సు వేస్తే మూడున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. మంచి ఫోటోగ్రాఫరు లెన్సును ఎంత నమ్ముతాడో కాళ్ళను అంత నమ్ముతాడు. చంద్రుడి అర డిగ్రీకి సూత్రం సులువు: వస్తువు ఎత్తును 110తో గుణించి అంత దూరం వెనక్కి నడిస్తే అది చంద్రుడంత కనపడుతుంది. వేసవిలో ఏరు తగ్గాక ఇసుక దిబ్బ మీద నిలబడ్డ మనిషి చంద్రుడిలో నిలువునా ఇమడాలంటే 190 మీటర్లు వెనక్కి పోవాలి. రాజమండ్రి దగ్గర గోదారి వెడల్పు సుమారు రెండు ముప్పావు కిలోమీటర్లు. అంటే ఈ ఒడ్డు నుంచి చూస్తే ఆ ఒడ్డున పాతిక మీటర్ల ఎత్తున్న గోపురమో మేడో చంద్రుడికి సరిజోడీ. ఆర్చి వంతెనకు 28 విల్లులు, ఒక్కోటీ 97 మీటర్ల పైచిలుకు. అదే దూరం నుంచి పక్కగా చూస్తే ఒక్కో విల్లులో నలుగురు చందమామలు పడతారు. రైలు పెట్టె ఒకటి ఒక చందమామ.

వంతెన అన్నాను గనక ఒక హెచ్చరిక. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన పైన బస్సులు, కింద రైళ్ళు పోతాయి. ఆ రోడ్డు మీద ట్రైపాడ్ నిలబెట్టి పొడుగు లెన్సు పెట్టుకున్నవాడికి కింద గూడ్సు బండి వచ్చిందంటే చంద్రుడు వణుకుతాడు. హేవలాక్ పాత వంతెన 1900లో రైళ్ళకు తెరుచుకుంది, 1997లో ఆర్చి వంతెన వచ్చాక విశ్రాంతి తీసుకుంటోంది. ఫోటోలో కనపడడానికి అది, నిలబడడానికి ఒడ్డు.

ఏ ఒడ్డు అన్నదాంట్లోనే పనితనం ఉంది. రాజమండ్రి తూర్పు ఒడ్డున, కొవ్వూరు పడమటి ఒడ్డున ఉన్నాయి. పుష్కరాల రేవులో నిలబడి పున్నమి సాయంత్రం చంద్రుడి కోసం ఏటి వైపు చూస్తే కనపడేది సూర్యాస్తమయమే, చంద్రుడు వీపు వెనక ఊళ్ళో లేస్తాడు. ఏటి మీద లేచే చంద్రుడు కావాలంటే కొవ్వూరు వెళ్ళాలి, గోష్పాద క్షేత్రం మెట్ల మీద కూర్చోవాలి. అక్కణ్ణుంచి ఎదర రాజమండ్రి, దాని మీదుగా చంద్రుడు. వీపు వెనక దిగుతున్న సూర్యుడు ఊరినీ వంతెననూ ముందు నుంచి వెలిగిస్తూ ఉంటాడు. ఆ కాసేపు మాత్రమే చంద్రుడికీ నేలకూ ఒకే ఎక్స్‌పోజరు సరిపోతుంది. ఆ కాసేపు ఎంతంటే, మన అక్షాంశంలో సంధ్య నిలిచేది ఇరవై నిమిషాల పైచిలుకే. ఐరోపా వాళ్ళకున్నంత తీరిక మనకు లేదు. దానికి తోడు కార్తీకంలో పొలాల మీది పొగ, ఏటి మంచు కలిసి దిగంతం మీది మొదటి రెండు మూడు డిగ్రీల్లో చంద్రుణ్ణి ఎర్రగా, మసకగా చేస్తాయి. అప్పుడు ఎఫ్ 11 లెక్క పనిచేయదు, రెండు మూడు స్టాపులు ఎక్కువివ్వాలి. పది పన్నెండు నిమిషాల్లో అతను పైకొచ్చి తెల్లబడతాడు, మళ్ళీ తగ్గించాలి. చేయి డయలు మీదే ఉండాలి.

ఆన్సెల్ ఆడమ్స్ న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద తీసిన చంద్రోదయం ఫోటో ప్రపంచమంతా తెలుసు. వెలుగు పోతోంది, లైట్ మీటరు దొరకలేదు, చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళన్న లెక్క గుర్తుంది. దాని మీదే ఎక్స్‌పోజరు కట్టి ఒక్క నెగటివు తీశాడు. రెండోది తీసేలోపు సమాధుల శిలువల మీది ఎండ పోయింది. ఆయనకు తేదీ గుర్తులేకపోతే ఖగోళ లెక్కలు వేసినవాళ్ళు చంద్రుడి చోటును బట్టి 1941 నవంబరు 1 సాయంత్రమని తేల్చారు. అప్పటికి పున్నమి ఇంకా రెండు రోజులుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు గానీ కిటుకంతా అందులోనే ఉంది: పున్నమికి ముందు చంద్రుడు ఎండ ఉండగానే లేస్తాడు. గమనించండి, ఆ ఫోటోలో చందమామ ఉన్నాడు, వెన్నెల బొట్టు కూడా లేదు. శిలువలు మెరిసింది ఎండలో. కొవ్వూరు నుంచి తీసే ప్రతి మంచి చంద్రోదయం ఫోటో ఇంతే. బార్ట్‌లీ పాటలో వెన్నెల పాత్రను ఎండ వేసింది. ఇక్కడ చందమామ పక్కన నిలబడి, ఎండ తన పాత్ర తనే వేసుకుంటోంది.

దొంగ ఫోటోలను పట్టుకోవడం కూడా ఒక విద్యే. చంద్రుడిలో కుందేలు ఎప్పుడూ ఒకే భంగిమలో ఉండదు. మన దగ్గర, 17 డిగ్రీల అక్షాంశంలో, లేచేటప్పుడు చంద్రుడి ఉత్తర ధ్రువం దాదాపు ఎడమ పక్కకు ఒరిగి ఉంటుంది, అస్తమించేటప్పుడు కుడి పక్కకు. అంటే సాయంత్రానికీ తెల్లవారుజాముకూ బిళ్ళ 145 డిగ్రీల దాకా తిరిగిపోతుంది. ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళు ఎక్కడిదో నడిరాత్రి చంద్రుణ్ణి తెచ్చి వంతెన మీద అతికిస్తే, పైకి బానే ఉంటుంది, కుందేలు మాత్రం ఒప్పుకోదు. 2023లో ఒక రకం ఫోన్లు మసక చంద్రుణ్ణి చూపించినా లేని గుంటలూ మచ్చలూ చేర్చి పదును పెడుతున్నాయని పెద్ద గొడవ జరిగింది. అదీ మాయే, ఎన్నూరులో జరిగిందీ మాయే అని ఎవరైనా అనొచ్చు. నాకు రెండూ ఒకటిగా తోచవు. ఫోను తనకు తెలిసిన చంద్రుణ్ణి మన ఫోటోలో పెట్టింది. బార్ట్‌లీ కొత్తగా ఏమీ పెట్టలేదు, ఉన్న వెలుగులోంచి తీసేశాడు.

కార్తీక పున్నమికి గోదారి మీద ఇంకో చిక్కు వస్తుంది, అరటి దొప్పల్లో దీపాలు. ఆ నూనె దీపాల ఎరుపుకూ పైనున్న చంద్రుడి తెలుపుకూ ఒకే వైట్ బ్యాలెన్సు కుదరదు. దీపాల పక్షం వహించి చంద్రుణ్ణి కాస్త నీలంగా పోనివ్వడమే మేలు, కన్ను కూడా అలాగే చూస్తుంది. ఆ నెల పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టి అర్ధరాత్రికి దాదాపు మన నడినెత్తికి చేరతాడు. అప్పుడు అతనితో పాటు చట్రంలో పెట్టడానికి వంతెనా ఉండదు, ఏరూ ఉండదు. నీటి మీది బాట కూడా కాళ్ళ దగ్గరికి ముడుచుకుపోతుంది. ఫోటోగ్రాఫర్లు టీ తాగడానికి పోవచ్చు.

తెల్లవారుజామున పని మళ్ళీ మొదలవుతుంది, ఈసారి రాజమండ్రి రేవులో. చంద్రుడు కొవ్వూరు మీద దిగుతుంటాడు, వీపు వెనక సూర్యుడు లేస్తుంటాడు, వంతెనలకు మొదటి ఎండ తగులుతుంది. సాయంత్రం కొవ్వూరులో చూసినదానికి అద్దంలో బొమ్మ. ఏది మేలు అన్నదాని మీద రెండు ఊళ్ళ కెమెరా కుర్రాళ్ళకూ తగువు వస్తే తీర్చగలిగేది పంచాంగం ఒక్కటే. పౌర్ణమి తిథి ముగిసే క్షణమే చంద్రుడు పూర్తిగా నిండే క్షణం. అది ఉదయం పూట ముగిస్తే, ఆ ముందు సాయంత్రం చంద్రుడు సూర్యాస్తమయానికి పాతిక నిమిషాల ముందు లేచి ఉంటాడు, ఆ నెల ఫోటో కొవ్వూరుది. సాయంత్రం ముగిస్తే, మర్నాటి పొద్దున సూర్యుడు వచ్చాక కూడా పాతిక నిమిషాలు చంద్రుడు నిలిచి ఉంటాడు, అది రాజమండ్రిది. తిథి నడిమధ్యాహ్నమో నడిరాత్రో ముగిసే నెలల్లో రెండు ఒడ్లకూ సమానమే, తెల్లవారుజామున లేవగలిగినవాళ్ళు రాజమండ్రికి, లేవలేనివాళ్ళు కొవ్వూరుకి.